కెంపుల హారం, ఏడు రాళ్ల కమ్మలు కొనేముందు: కందుకూరు చెల్లెమ్మకు జవాబు

చెల్లెమ్మా, మీరు రాసినదంతా చదివాను. మాఘంలో అమ్మాయి పెళ్లి. ఒక షాపులో 48 గ్రాముల కెంపుల హారం చూశారు. "916 బంగారం, ఒరిజినల్ కెంపులు" అన్నారు. రాళ్ల బరువెంత అని అడిగితే "అదెంతమ్మా, కొంచెమే" అని మాట దాటేశారు. అమ్మాయికి ఏడు రాళ్ల వజ్రాల కమ్మలు, కాబోయే అల్లుడికి పుష్యరాగం ఉంగరం కూడా తీసుకోవాలి. ఒంగోలు వెళ్లాలా, నెల్లూరు రావాలా, చెన్నై పోవాలా అన్నది ఇంకో టెన్షన్.

మాది కంసాలి ఇల్లు. కుంపటి ముందు కూర్చుని పని నేర్చుకున్నాను. తర్వాత చాలా ఏళ్లుగా నెల్లూరులో బ్యాంకులకు అప్రైజర్‌గా ఉన్నాను. కొనేటప్పుడు నగ విలువ షాపువాళ్లు చెబుతారు. అప్పు కోసం అదే నగ బ్యాంకులో పెట్టినప్పుడు నేను చెప్పాలి. ఈ రెండు అంకెలకూ మధ్య తేడా విని మొహం వాడిపోయిన తల్లులను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమందికి బంగారంలో మోసం జరగలేదు. రాళ్లను బంగారం ధరకు కొన్నారు, అక్కడే పోయింది.

అందుకని అన్నిటికంటే ముందు ఈ మాట పట్టుకోండి. రాళ్ల నగ అంటే రెండు వస్తువులు. బంగారానికి దాని బరువు, దాని రేటు, దాని రుజువు వేరు. రాళ్లకు వాటి బరువు, వాటి ధర, వాటి రుజువు వేరు. ఈ రెండూ బిల్లులో విడివిడిగా కనిపించకపోతే ఆ నగ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

మీ హారాన్నే తీసుకుని లెక్క వేద్దాం. సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం, మీరు కొనే రోజు రేటు వేసుకోండి. మొత్తం బరువు 48 గ్రాములు. అందులో రాళ్లు 9.5 గ్రాములు అనుకుందాం. కెంపులు, పచ్చలు గుత్తులుగా పొదిగిన హారంలో అంత ఉండటం వింతేమీ కాదు. అప్పుడు నికర బంగారం 38.5 గ్రాములు. దీన్నే బిల్లులో నెట్ వెయిట్ అంటారు. తరుగు, అంటే నగ చేయడంలో పోయే బంగారానికీ పనికీ కలిపి వేసేది, 18 శాతం అంటే 6.93 గ్రాములు. రెండూ కలిపి 45.43 గ్రాములు, అంటే 4,54,300 రూపాయలు. రాళ్ల ధర విడిగా 22,000 అనుకుంటే మొత్తం 4,76,300. దాని మీద 3 శాతం జీఎస్టీ 14,289. చివరికి 4,90,589 అవుతుంది. హాల్‌మార్క్ చార్జీ నగకు 45 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అది చిన్న మొత్తమే.

ఇది సరైన లెక్క. ఇప్పుడు తప్పు లెక్క చూడండి. నిజంగా 9.5 గ్రాముల రాళ్లుంటే బిల్లులో 4 గ్రాములని రాశారనుకుందాం. మిగతా 5.5 గ్రాముల రాయి బంగారం ఖాతాలోకి వెళ్లిపోతుంది. దానికి మీరు కట్టేది 55,000. దాని మీద 18 శాతం తరుగు 9,900. జీఎస్టీ కూడా కలిపితే 66,847 రూపాయలు. ఇదంతా పోయాక అవే రాళ్లకు స్టోన్ చార్జీ అని మళ్లీ విడిగా తీసుకుంటారు. "అదెంతమ్మా, కొంచెమే" అన్న మాట ఖరీదు అది.

ఇంకో చోట కూడా జాగ్రత్తగా చూడాలి. కొన్ని చోట్ల రాళ్ల బరువు నిజాయితీగానే రాస్తారు కానీ తరుగు మాత్రం మొత్తం బరువు మీద వేస్తారు. 48 గ్రాముల మీద 18 శాతం అంటే 8.64 గ్రాములు. మీకు పడాల్సింది 6.93. తేడా 17,100 రూపాయలు. "తరుగు దేని మీద వేశారు, నెట్ మీదా గ్రాస్ మీదా?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు. షోరూముల్లో తరుగు అనకుండా వీఏ (వాల్యూ అడిషన్) అని రాస్తారు, విషయం ఒకటే.

రాళ్ల బరువు బిల్లులో క్యారెట్లలో ఉండొచ్చు. బంగారం క్యారెట్ స్వచ్ఛతకు లెక్క, రాయి క్యారెట్ బరువుకు లెక్క. 5 క్యారెట్లు ఒక గ్రాము. కాబట్టి 9.5 గ్రాముల రాళ్లంటే 47.5 క్యారెట్లు అని ఉండాలి. ఫోన్‌లో అక్కడికక్కడే భాగించి చూసుకోండి, మొహమాటపడకండి.

రాళ్లు పొదిగేశాక వాటి బరువు కచ్చితంగా తేల్చాలంటే ఊడదీయాల్సిందే. మాలాంటి వాళ్లు కూడా చూసి అంచనాగా తీసేస్తాం. రాళ్లే కాదు, నక్షీ నగల్లో బోలు గుండ్ల లోపల లక్క ఉంటుంది, దాన్నీ తీసేస్తాం. దారాలు, పూసలు సరేసరి. బ్యాంకు అప్పు ఇచ్చేది నికర బంగారం మీదే, రాయికి పైసా లెక్కగట్టదు. అందుకే షాపులో ఈ మాట రాయించుకోండి: రేపు తిరిగి ఇచ్చినా మార్చుకున్నా బిల్లులోని నెట్ వెయిట్‌కే పూర్తి రేటు కడతారా? తన బిల్లు మీద తనకు నమ్మకం ఉన్న షాపు రాసిస్తుంది. "తీశాక చూసి కడతాం" అంటే ఆ నెట్ వెయిట్ మీద వాళ్లకే నమ్మకం లేదని అర్థం.

తరుగు గురించి నా అభిప్రాయం కూడా చెబుతాను. చేత్తో లక్ష్మీదేవిని, హంసలను చెక్కిన నక్షీ పనికి 18, 20 శాతం అడిగితే నేను కాదనను. ఆ పని చేసినవాడి కళ్లు, నడుము ఏమవుతాయో నాకు తెలుసు. మిషన్‌లో దిగిన గొలుసుకు కూడా అదే శాతం వేస్తే మాత్రం బేరమాడాలి. తగ్గించడానికి అక్కడ చోటు ఉంటుంది, గట్టిగా అడిగితే తగ్గిస్తారు కూడా.

ఇక బంగారానికి రుజువు. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కింగ్‌ను దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి నగకూ విడిగా ఇచ్చే నంబరు, అంటే హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులు ఉండాలి: త్రికోణంలా ఉండే బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916 లాంటి స్వచ్ఛత గుర్తు, అక్షరాలు అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ. ఉత్త 916 అన్న ముద్రను హాల్‌మార్క్ అనుకోకండి, ఆ అచ్చు ఎవరైనా కొట్టొచ్చు. హారానికైతే కొక్కెం దగ్గరో పతకం వెనకో చూడండి, భూతద్దం ఇవ్వమని అడగండి. ఆ ఆరు అక్షరాలను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ షాపు రిజిస్ట్రేషన్, ఏ సెంటర్‌లో ముద్ర వేశారు, స్వచ్ఛత ఎంత, అది ఏ రకం నగ అన్నది వస్తుంది. నగ రకం తప్పకుండా చదవండి. మీ చేతిలో హారం ఉంటే యాప్‌లో ఉంగరం అని వచ్చిందంటే ఆ నంబరు వేరే నగది.

"కేడీఎం బంగారమండీ" అని ఇప్పటికీ చిన్న ఊళ్లలో అంటుంటారు. కేడీఎం అన్నది స్వచ్ఛత కాదు. అతుకు పెట్టడానికి టంకంలో కాడ్మియం కలిపేవాళ్లు, ఆ పేరు అలా నిలిచిపోయింది. కాడ్మియం 321 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా వేడెక్కితే ఆవిరవుతుంది. ఊదుగొట్టం పట్టుకుని ఆ పొగ పీల్చిన కంసాలుల ఊపిరితిత్తులు పాడయ్యాయి. దాన్ని ఆపేయడం మా వాళ్లకు జరిగిన మేలు. ఆ పేరు చెప్పి కొత్త నగ అమ్మబోతే లేచి వచ్చేయండి.

కొన్నాక అనుమానం వస్తే హాల్‌మార్కింగ్ సెంటర్‌లో మీరే పరీక్ష చేయించుకోవచ్చు. 4 నగల వరకు 200 రూపాయలు, 5 గానీ అంతకు మించి గానీ ఉంటే ఒక్కోదానికి 45. ముద్ర ఉన్న నగలో స్వచ్ఛత తక్కువని తేలితే, బీఐఎస్ 2018 నిబంధనల ప్రకారం ఆ తక్కువైన విలువకు రెండింతలు, దానితోపాటు పరీక్ష ఖర్చు షాపువాళ్లు మీకు ఇవ్వాలి. దీనికి బిల్లు కావాలి. బిల్లు లేకుండా జీఎస్టీ మిగిలిందని సంతోషపడితే ఈ హక్కు పోతుంది. ఒక్క మాట, కుందన్, పోల్కీ, జడావు నగలకు, 2 గ్రాముల లోపు వస్తువులకు ఈ హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. పోల్కీ హారం చూపించి "దీనికి ముద్ర ఉండదమ్మా" అంటే అది నిజమే. అయితే అలాంటి నగలో బంగారం ఎంత, లక్క ఎంత, రాయి ఎంత అన్నది మొత్తం షాపువాడి మాట మీదే ఆధారపడుతుంది. పెళ్లికి పెట్టే పెద్ద మొత్తాన్ని అందులో పెట్టమని నేను చెప్పను.

ఇప్పుడు కెంపుల దగ్గరకు వద్దాం. మీ ప్రశ్నలో అసలు ముడి ఇక్కడే ఉంది.

"ఒరిజినల్ కెంపులు" అని చెప్పి అమ్మే ఎర్రరాళ్లు నాలుగు రకాలు. మొదటిది గనిలోంచి వచ్చిన కెంపు. దాన్ని కూడా దాదాపు ఎప్పుడూ వేడిచేసి రంగు బాగుచేస్తారు, వ్యాపారంలో ఇది అందరూ ఒప్పుకునేదే. రెండోది, పగుళ్లతో నిండిన నాసిరకం కెంపులోకి సీసం కలిసిన గాజు కరిగించి నింపినది. చూడటానికి నిగనిగలాడుతుంది, ధర చాలా తక్కువ ఉండాలి. మూడోది ఫ్యాక్టరీలో చేసిన కెంపు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త వెర్నెయ్ 1902లో ఆ పద్ధతిని ప్రకటించాడు, అంటే మన ముత్తవ్వల కాలం నుంచే అది బజారులో ఉంది. "పాత నగ కాబట్టి రాయి అసలుదే" అనుకోవడానికి వీల్లేదు. నాలుగోది ఉత్త గాజు. దేవాలయ నగల తరహా సెట్లలో కెంపు రాళ్లని పిలిచేవి చాలావరకు మూడో రకమో, నాలుగో రకమో. అవి పెట్టడం తప్పేమీ కాదు, ఆ అందం వేరు. గాజుకు కెంపు ధర కట్టించుకోవడమే తప్పు.

పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం బంగారం షాపులన్నింట్లో ఉంటుంది. అది తీసుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి, రాయిని మెల్లగా వంచుతూ లోపలికి చూడండి. గాజు నింపిన కెంపులో పగులు వెంబడి చదునైన బుడగలు కనిపిస్తాయి. వంచుతున్నకొద్దీ ఆ పగులులో నీలం మెరుపో నారింజ మెరుపో మెరిసి మాయమవుతుంది. ఫ్యాక్టరీ కెంపు లోపల మచ్చ లేకుండా అద్దంలా ఉంటుంది. బాగా గమనిస్తే వంపు తిరిగిన సన్నని గీతలు, గుండ్రటి బుడగలు ఉంటాయి. గని కెంపులో రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది, సన్నని సూదుల్లాంటి పోగులు ఉంటాయి. హారంలో అరవై రాళ్లుండి అన్నీ ఒకే రంగులో, ఒక్క మచ్చ లేకుండా ఉంటే అవి గని కెంపులని నేను నమ్మను. అంత చక్కగా కుదిరిన అరవై గని కెంపులు దొరికినా, ఆ హారం మనం పైన లెక్క వేసిన ధరకు రాదు.

ఆ తర్వాత నగను వెనక్కి తిప్పండి. వెనక మూసి ఉందా, తెరిచి ఉందా చూడండి. మూసిన పొదుగులో రాయి కింద రంగు రేకు వేస్తారు, పాలిపోయిన రాయి కూడా దానివల్ల ముదురుగా కనిపిస్తుంది. ఇది మన పాత పనితనంలో భాగమే, మోసం అని అనను. అయితే వెనక మూసిన రాయిని భూతద్దంతో తేల్చడం కష్టం. కెంపుకు కెంపు ధర కట్టేటట్టయితే వెనక తెరిచి ఉన్న పొదుగే అడగండి.

పచ్చల సంగతి వేరు. పచ్చలో లోపల గీతలు, నాచులాంటి మచ్చలు ఉండటం సహజం. మచ్చ లేని పచ్చ తక్కువ ధరకు చూపిస్తే అనుమానించండి. పగుళ్లు కనిపించకుండా నూనె పట్టించడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అందుకే పచ్చల నగను వేడి నీళ్లలో, సబ్బుతో కడగకూడదు, షాపుల్లో ఉండే అల్ట్రాసోనిక్ మిషన్‌లో వేయనివ్వకూడదు, నూనె పోయి పగుళ్లు బయటపడతాయి. మన గూడూరు, రాపూరు వైపు మైకా గనుల్లో మైకాతో పాటు బెరిల్ దొరుకుతుందని మీరు విని ఉంటారు. పచ్చ కూడా బెరిల్ జాతి రాయే. క్రోమియమో వనాడియమో కలిసినప్పుడే దానికి ఆ చిక్కటి ఆకుపచ్చ వస్తుంది. మా చిన్నప్పుడు గనుల్లో పనిచేసేవాళ్లు పాలిపోయిన బెరిల్ ముక్కలు తెచ్చి "ఇది పచ్చే కదా" అని అడిగేవాళ్లు. జాతి ఒకటైనంత మాత్రాన రాయి ఒకటి కాదు. పచ్చల పూసలని అమ్మే దండల్లో రంగు వేసిన రాళ్లు కూడా చాలా ఉంటాయి. భూతద్దంలో పగుళ్ల వెంబడి రంగు పేరుకుని కనిపిస్తుంది.

అసలు కెంపా కాదా అన్నది షాపువాడి నోటిమాటతోనో, నా కంటితోనో తేల్చుకోకండి. రాళ్ల ధర యాభై వేలు దాటితే ల్యాబ్ రిపోర్ట్ అడగండి. రాళ్లను పరీక్షించే ఐజీఐ లాంటి ల్యాబులు చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. రిపోర్ట్‌లో రాయి సహజమైనదా, వేడిచేశారా, గాజు నింపారా అన్నది రాసి ఉంటుంది. "బర్మా కెంపు" అంటూ ధర పెంచితే, ఆ పుట్టిన చోటు కూడా రిపోర్ట్‌లో ఉండాలి. రిపోర్ట్ లేకపోతే బిల్లు మీద "సహజ కెంపులు" అని రాసి సంతకం పెట్టమనండి. అంతవరకు ఒరిజినల్ అన్నవాళ్లు ఆ మాట రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

నా సలహా అడిగితే, మీ బడ్జెట్‌లో హారానికి ఖరీదైన రాళ్లు వద్దు. ఫ్యాక్టరీ కెంపులున్న నక్షీ హారం, స్టోన్ చార్జీ తక్కువగా, నెట్ వెయిట్ స్పష్టంగా ఉన్నది తీసుకోండి. పెళ్లిలో దాని అందానికి ఏ లోటూ రాదు. రాయికి పెట్టే డబ్బు కమ్మల్లో పెట్టండి, అమ్మాయి అవి రోజూ పెట్టుకుంటుంది.

ఏడు రాళ్ల కమ్మలంటే రెండు చెవులకూ కలిపి 14 రాళ్లు. ఒక్కోటి 10 సెంట్లు (సెంటు అంటే క్యారెట్‌లో వందో వంతు) అనుకుంటే మొత్తం 1.40 క్యారెట్లు, అంటే గ్రాములో మూడో వంతు కూడా లేదు. వజ్రం ధరలో పరిమాణం చాలా ముఖ్యం. రాయి పెద్దదయ్యేకొద్దీ క్యారెట్ రేటే పెరుగుతుంది. 1.40 క్యారెట్ల ఒక్క రాయి ధర, పది సెంట్ల రాళ్లు పద్నాలుగు కలిపిన ధర ఎన్నటికీ ఒకటి కావు. కాబట్టి మొత్తం క్యారెట్లు చెప్పి రేటు వేస్తే, ఆ రేటు పది సెంట్ల రాళ్లదేనా అని అడగండి.

కమ్మలు 18 క్యారెట్ల బంగారంలో ఉంటే కంగారుపడకండి. 22 క్యారెట్ల బంగారం మెత్తన. చిన్న గోళ్లతో రాయిని గట్టిగా పట్టుకోవాలంటే 18 క్యారెట్లే మేలు. ముద్ర 18కే750 అని ఉండాలి. రేటు కూడా 18 క్యారెట్లదే వేయాలి. 22 క్యారెట్ల గ్రాము 10,000 అయితే 18 క్యారెట్ల గ్రాము 8,190 దగ్గర ఉండాలి. ఇక్కడ 22 రేటు వేసిన బిల్లులు నా కళ్లతో చూశాను, అడిగేవరకు ఎవరూ సరిదిద్దలేదు.

రాళ్లకు "ఈఎఫ్ వీవీఎస్" అని చెబుతారు. ఈ, ఎఫ్ అన్నవి రంగు గ్రేడ్లు, డీ నుంచి జెడ్ వరకు ఉండే వరసలో పైనవి. వీవీఎస్ అంటే లోపలి మచ్చలు భూతద్దంలో కూడా కనిపించడం కష్టం అన్నంత శుభ్రత. చెవి కమ్మలకు అంత అవసరం లేదని నా అభిప్రాయం. జీ, హెచ్ రంగు, వీఎస్ శుభ్రత ఉన్న రాళ్లు మనిషి దూరంలో అంతే మెరుస్తాయి. కోత మాత్రం బాగుండాలి, మెరుపంతా కోతలోనే ఉంది. పొదిగిన రాళ్లకు ల్యాబులు ఇచ్చే గ్రేడు, పొదుగు ఎంతవరకు చూడనిస్తే అంతవరకే. వెనక మూసిన కమ్మలకు ఇచ్చే గ్రేడును మరీ నమ్ముకోకండి.

ఇప్పుడు ల్యాబ్‌లో పెంచిన వజ్రాలు బజారు నిండా ఉన్నాయి. అవి నకిలీ కావు, నిజమైన వజ్రాలే, భూమిలో కాకుండా మిషన్‌లో పెరిగాయి అంతే. షాపులో పెన్నులాంటి టెస్టర్ పెట్టి "చూడండి, కూత పెట్టింది, వజ్రమే" అని చూపిస్తే, ల్యాబ్ వజ్రానికీ అది కూత పెడుతుంది. కొన్ని పాత టెస్టర్లు వజ్రంలా మెరిసే మొయిసనైట్ అనే వేరే రాయికి కూడా పెడతాయి. తేడా చెప్పేది రిపోర్టే. ల్యాబ్ వజ్రమైతే రిపోర్ట్‌లో ఆ మాట స్పష్టంగా ఉంటుంది. మెరుపు కోసం తీసుకుంటే తప్పు లేదు, కానీ సహజ వజ్రం కంటే ధర చాలా తక్కువ ఉండాలి, తిరిగి అమ్మితే వచ్చేది ఇంకా తక్కువ. ఏ వజ్రమైనా సరే, వెనక్కి ఇస్తే రాళ్లకు ఎంత శాతం కడతారో బిల్లు వెనక రాయించుకోండి. బంగారంలా వజ్రానికి రోజు రేటు ఉండదు, ఆ షాపువాళ్లు రాసిచ్చిందే మీకు రేటు.

అల్లుడి ఉంగరం గురించి రెండు మాటలే. జాతకం ప్రకారం పుష్యరాగం అంటే కనకపుష్యరాగం, నీలం (సఫైర్) జాతికే చెందిన పసుపు రంగు రాయి. దాని పేరు చెప్పి పసుపు టోపాజ్, ఇంకా చవకైన సిట్రిన్ అమ్ముతారు. మూడూ చూపుకు దగ్గరగానే ఉంటాయి, ధరల్లో మాత్రం పోలికే లేదు. రిపోర్ట్‌లో "నేచురల్ ఎల్లో సఫైర్" అన్న మాట ఉంటేనే ఆ ధర కట్టండి. ఉంగరం తెల్లబంగారంలో చూపిస్తే అందంగానే ఉంటుంది, దాని తెలుపు రోడియం పూత వల్ల వచ్చింది. కొన్నేళ్లకు అరిగి మళ్లీ పూత వేయించాలి. ప్లాటినానికి ఆ బాధ లేదు, 950 ముద్ర చూడండి.

ఒంగోలా, నెల్లూరా, చెన్నయా? చెన్నై టీ నగర్‌లో డిజైన్లు ఎక్కువ, అది నిజం. అయితే రాయి వదులైనా, బిల్లులో తేడా వచ్చినా మళ్లీ అంతదూరం పోవాలి. హారం, కమ్మలు మీరు రెండు గంటల్లో వెళ్లి నిలదీయగలిగిన చోట కొనండి. ఒంగోలులో చూడండి, నెల్లూరు ఆచారి వీధిలో, కాకర్లవారి వీధిలో చూడండి. మూడు చోట్ల ఒకే బరువు నగకు నెట్ వెయిట్, తరుగు, రాళ్ల ధర విడివిడిగా కాగితం మీద రాయించుకుని ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టుకోండి. ఆ రోజే కొనాలని తొందరపెట్టే షాపును వదిలేయండి. 2 లక్షలు దాటితే పాన్ కార్డు ఇవ్వాలి, 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా కట్టకూడదు, కాబట్టి బ్యాంకు ద్వారానే ఏర్పాటు చేసుకోండి.

చివర్లో అత్తగారి కాసులపేరు కరిగించి ఇందులో కలపమంటారా అని అడిగారు. తొందరపడకండి. ముందు కాసులు ఒక్కొక్కటీ తిప్పి చూడండి. లక్ష్మి ముద్ర ఉన్నవైతే కంసాలి అచ్చుపోసినవి. రాజు తల ఒకవైపు, గుర్రం మీద వీరుడు ఒకవైపు ఉంటే అవి బ్రిటిష్ సవరిన్లు అయ్యుండొచ్చు. ఒక్కోటి 7.988 గ్రాములు తూగుతుంది, 22 క్యారెట్ల బంగారం. 1918లో బొంబాయి టంకశాలలో కూడా వీటిని ముద్రించారు. అవే అయితే కరిగించకండి, నాణెం చూసేవాళ్లకు చూపించాకే నిర్ణయం తీసుకోండి.

లక్ష్మి కాసులే అయితే, మార్చడం మీ ఇష్టం. పాత కాసులపేరులో ప్రతి కాసుకూ కొంకి, ప్రతి కొంకికీ టంకం. టంకంలో బంగారం తక్కువ. అందుకే 22 క్యారెట్లతో చేయించిన నగ కూడా కరిగిస్తే అంతకంటే తక్కువ టచ్, అంటే స్వచ్ఛత, వస్తుంది. ఇందులో ఇప్పటి షాపు తప్పేమీ లేదు. మిషన్‌లో పెట్టి పైపైన చూసిన అంకె మీద ఒప్పుకోకండి. ఆ మిషన్ పై పొర మాత్రమే చదువుతుంది. మీ కళ్ల ముందు కరిగించి, ముద్ద బరువు చూసి, ఆ ముద్దకు టచ్ పెట్టించండి. కరిగించక ముందు బరువు, కరిగించాక బరువు, టచ్ మూడూ ఒకే కాగితం మీద రాయించుకోండి. పాత బంగారం ఇచ్చినా జీఎస్టీ కొత్త నగ మొత్తం విలువ మీద పడుతుందని కూడా ముందే లెక్కలో వేసుకోండి.